ఒంటిగంట తాళం

“బల్ల ఎందుకు తీసుకోలేదు?”

శుక్రవారమే సెలవైన ఆ అరబ్బు దేశంలో, చర్చి నుంచి తాముండే అల్ హైల్ దాకా పాతిక నిమిషాల దారిలో దెబోరా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చి, చీరైనా మార్చుకోకుండా వంటింటి గుమ్మంలో నిలబడి అప్పుడడిగింది.

మనోహరం సోఫా అంచున కూర్చుని బూటు లేసు విప్పుతున్నాడు. ముడి రావడం లేదు.

“కడుపులో బాగోలేదు.”

“గోరంత రొట్టెముక్కకి కడుపుతో పనేముంది?”

ఆయన లేసు వంకే చూస్తున్నాడు.

“తొమ్మిదేళ్ళ నుంచి సంఘపెద్ద మీరు. నెల మొదటి శుక్రవారం ప్రభురాత్రి భోజనం పళ్ళెం పట్టుకుని అందరికీ అందించే మనిషి, తన వంతు వచ్చేసరికి తాకకుండా పక్కకి జరిపాడు. నేనొక్కదాన్నే చూశాననుకుంటున్నారా? లెవిగారి భార్య బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, అన్నయ్యగారికి ఒంట్లో బాగుందా వదినా అనడిగింది. ఎంత మర్యాదగా అడిగిందో!”

అది ఆయన నిర్ణయించుకుని చేసిన పని కాదు. చెయ్యి తనంతట తానే పళ్ళేన్ని జరిపింది. మంగళవారం నుంచి శరీరం ఆయనకంటే ఒక అడుగు ముందు నడుస్తోంది. ఏ గదిలోకి వెళ్ళినా, తలుపు ఎటు తెరుచుకుంటుందో ముందు కళ్ళు చూసుకుంటున్నాయి. మనుషులు ఆ తర్వాత కనిపిస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా సేఫ్టీ ఆఫీసరుగా చేస్తున్నవాడికి అది అలవాటే. కానీ ఇప్పుడు ఆ చూపులో ఉద్యోగం లేదు.

“మూర్తిగారు ఈరోజే తెస్తారా కాగితం?” అంది దెబోరా.

“మూడింటికి వస్తానన్నారు.”

“సంతకం పెట్టనని నా ముందు చెప్పండి.”

“ముందు అందులో ఏముందో చూడనీ.”

“చూసేదేముంది? తలుపుకి బయట తాళం లేదు, లోపల పెంచలమ్మే గడియ పెట్టుకుంది. అంతేగా? ఆదివారం పోలీసుల చేతికిచ్చే కాగితం. రెండు చావులు దాని నెత్తిన పెట్టే కాగితం.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పాలా? మీ కంపెనీవాళ్ళు వార్డుకొచ్చి దాన్నే అడిగారు. గడియ పెట్టానని ఒప్పుకుంటే టికెట్ కొనిచ్చి ఇంటికి పంపిస్తామన్నారు. నేను పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తున్నాను.”

మనోహరం పనిచేసే కంపెనీకి అల్ అమెరాత్‌లో యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపు ఉంది. ఒంటిగంటకి పని ఆపితే మళ్ళీ నాలుగింటికి మొదలు. ఆ మూడు గంటలూ ఆడవాళ్ళు పైగదిలో పడుకుంటారు. మంగళవారం రెండుంబావుకి ఆ గదిలో స్విచ్చుబోర్డు దగ్గర వైరు కాలింది. పదకొండుమందిలో ఎనిమిదిమంది వీసా మెడికల్ పరీక్షల కోసం బస్సులో వెళ్ళారు. మిగిలింది ముగ్గురు. ఒక శ్రీలంక అమ్మాయి, రాజంపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన రెడ్డెమ్మ తలుపు దగ్గరే పోయారు. పెంచలమ్మ కిటికీకున్న ఏసీని బయటికి నెట్టి, ఆ కంతలోంచి కిందికి దూకింది. నాలుగు రోజులుగా ఆమె దెబోరా పనిచేసే కాలిన గాయాల వార్డులో ఉంది.

“నిన్న కట్లు మార్చేటప్పుడు చూశాను,” అంది దెబోరా. ఆమె గొంతు తగ్గింది. అది ఆయనకి అరుపుకంటే కష్టంగా ఉంది. “రెండు అరచేతుల్లోనూ తలుపు పిడి అచ్చు దిగింది. లోపల గడియ తీయడానికి క్షణం చాలండీ. ఎర్రగా కాలిన ఇనుముని మనిషి అంతసేపు పట్టుకుని లాగిందంటే, తీసినా తలుపు రాలేదనేగా? నెలనెలా ఆ గది తనిఖీ చేసేది మీరు. తాళం ఉందో లేదో మీకు తెలీదా?”

“తెలుసు.”

“ఉందా?”

లేసు ముడి తెగింది. తెగిన ముక్క వేళ్ళ మధ్య ఉండిపోయింది.

“ఉంది.”

నాలుగు రోజుల్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అంటే ఏదో కూలుతుందనుకున్నాడు. ఫ్రిజ్ చప్పుడు వినిపించింది, అంతే.

దెబోరా పొడుగ్గా ఊపిరి వదిలింది. ఆమె భుజాలు దిగాయి.

“ఇంకేం మరి? ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యండి. తాళం వేసింది ఆ సూపర్‌వైజర్ కుల్సుమ్. వేయించింది కంపెనీ. అందుకేగా బుధవారమే ఆవిణ్ణి సెలవు పేరుతో విమానం ఎక్కించేశారు? మనకేంటి భయం? ఉద్యోగం పోతే పోతుంది. నా జీతం లేదా? దీనికోసమా బల్ల మానేశారు, పిచ్చి మనిషీ!”

ఆ ఆఖరి మాటలో చాలా రోజుల తర్వాత వినిపించిన ముద్దు ఉంది. ఆయన తల ఎత్తలేకపోయాడు.

అప్పుడే అబిగైల్ తన గదిలోంచి వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. చేతిలో స్కూలు ఫైలు ఉంది.

“డాడీ, ఇది నువ్వు రాసిందేగా?”

“తర్వాత అబీ. డాడీకి బాగోలేదు,” అంది దెబోరా.

“ఆదివారం సబ్మిట్ చెయ్యాలి మమ్మీ. ఒక్కటే అడుగుతాను.”

పన్నెండో తరగతి చరిత్ర ప్రాజెక్టు అది. గత శతాబ్దం మొదటి ఇరవై ఏళ్ళలో అమెరికా సమాజం ఎలా మారిందో రాయమన్నారు. అబిగైల్ న్యూయార్క్‌లో బట్టలు కుట్టిన ఆడపిల్లల గురించి రాసుకుంది. ఇటలీ నుంచి, రష్యా నుంచి ఓడల్లో వచ్చి, ఇంగ్లీషు ముక్క రాకుండానే పదహారేళ్ళకి మిషను ముందు కూర్చున్నవాళ్ళు. చేతికి మొదటిసారి సొంత జీతం వచ్చినవాళ్ళు. 1909 చలికాలంలో వేలమంది పని మానేసి వీధుల్లో నిలబడ్డారు. 1911 మార్చిలో ఒక చొక్కాల ఫ్యాక్టరీ తగలబడింది. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపు తాళం వేసి ఉంది. నూట నలభై ఆరుమంది పోయారు.

ఆ కథ మనోహరానికి కొత్త కాదు. సేఫ్టీ డిప్లొమాలో మొదటి రోజు మొదటి పాఠం అదే. పనివేళల్లో తలుపుకి తాళం ఉండకూడదన్న చట్టం ఆ బూడిదలోంచే వచ్చిందని, సైట్‌కి వచ్చిన ప్రతి కొత్త బ్యాచికీ తనకొచ్చిన హిందీలో ఆయనే చెప్పేవాడు. రెండు వారాల కిందట కూతురు డ్రాఫ్ట్ చూసిపెట్టమంటే పొంగిపోయాడు. శనివారమంతా కూర్చుని పెన్సిల్‌తో అంచుల నిండా రాశాడు.

“దొంగతనం భయంతో యజమానులు తాళం వేశారని నేను రాశాను. దాని పక్కన నువ్వు రాశావ్. చదవనా?”

“అబీ...”

“‘ఎప్పుడూ దొంగతనం భయమే కాదు. ఇల్లు వదిలి వచ్చిన ఆడపిల్లల రక్షణ కోసం కూడా తలుపులు వేస్తారు. రెండు వైపులా రాయి.’”

దెబోరా కూతుర్ని చూసింది, తర్వాత భర్తని చూసింది. ఇంకా ఏమీ అర్థం కాలేదు ఆమెకి.

“నువ్వు రాయమన్నావని వెతికాను డాడీ. దొరికింది కూడా. ఆ రోజుల్లోనే పనిచేసే అమ్మాయిల కోసం పెద్దవాళ్ళు హాస్టళ్ళు పెట్టారు. సినిమాలకి, డాన్సు హాళ్ళకి తిరిగి చెడిపోతారని ఇంత టైముకి లోపలుండాలని రూలు. ప్రార్థన చేయించేవాళ్ళు. మంచివాళ్ళే. వాళ్ళ మీద నీకోసం ఒక పేజీ రాశాను.” అబిగైల్ ఫైలు మూసింది. “చెప్పు. ఆ నోట్ న్యూయార్క్ గురించి రాశావా, అమెరాత్ గురించి రాశావా?”

ఎనిమిది నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి. అగ్గి ఇంకా పుట్టకముందే, ఎవరూ అడగకుండానే, కూతురి కాగితం అంచున తనే రాసుకున్నాడు. మనసు ఎక్కడో ఒకచోట దించుకోవాలనుకుంటుంది కాబోలు. దించుకునే చోటు ఎంచుకోవడం మాత్రం మన చేతిలో ఉండదు.

“తాళం వేయమంది నేనే,” అన్నాడు.

 ఆ తర్వాత ఆగకుండా చెప్పుకుంటూ పోయాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం రెడ్డెమ్మ ఫోన్ రీఛార్జికని మూలమీది కొట్టుదాకా వెళ్ళింది. కొట్టువాడితో నవ్వుతూ మాట్లాడుతుంటే ఎవరో వీడియో తీశారు. అది వారంలో ఊరు చేరింది. మొదట ఫోన్ చేసింది పెంచలమ్మ భర్త. అన్నా, నువ్వు దేవుడి మనిషివి, మన భాషవాడివి, మా ఆడోళ్ళకి ఆడ నువ్వే దిక్కు అన్నాడు. ఆ వారంలోనే ఇంకో ముగ్గురు చేశారు. ఒకతను ఏడ్చాడు. మనోహరం కుల్సుమ్‌ని పిలిచి, ఒంటిగంటకి పైగదికి బయట తాళం వేసి నాలుగింటికి తీయమన్నాడు. ఏ రిజిస్టర్లోనూ రాయలేదు. తనిఖీకి ఎప్పుడూ పొద్దున పదకొండింటికే వెళ్ళేవాడు. ఆ వేళకి తాళం ఉండదు. ‘దారులన్నీ తెరిచి ఉన్నాయి’ అన్న గడిలో టిక్కు పెట్టేవాడు. ఆ వేళకి అది నిజమే.

“ఎవరు అడిగారు మిమ్మల్ని?” అంది దెబోరా. “మిమ్మల్ని ఎవరు పెట్టారు వాళ్ళమీద కాపలా?”

“వాళ్ళ ఇళ్ళవాళ్ళు...”

“వాళ్ళు అడిగారా? ఆ పదకొండుమందిలో ఒక్కతైనా అడిగిందా?”

లేదు. కానీ ఎవరూ వద్దనలేదు కూడా. ఆయన వర్క్‌షాపులో అడుగుపెడితే మిషన్లు ఆగేవి. అన్నా, అన్నా అని పదకొండు గొంతులు లేచేవి. అప్పుడు లోపల ఏదో నిండేది. దాన్ని ఆయన ప్రేమ అనుకున్నాడు. ప్రేమే కావచ్చు. కానీ ఆ ప్రేమకి వాళ్ళు గదిలోనే ఉండటం కావాల్సి వచ్చింది.

దెబోరా కుర్చీలో కూర్చుంది. చేతి గడియారం తీసి టేబుల్ మీద పెట్టింది. మళ్ళీ పెట్టుకుంది.

“నాలుగు రోజుల నుంచి దాని చేతులకి నేనే కట్టు కడుతున్నాను,” అంది ఎటో చూస్తూ. “వదినా, నీ చెయ్యి చల్లగా ఉంది అంటది.”

“పెంచలమ్మకి తెలుసా నువ్వు వేయించావని?” అబిగైల్ అడిగింది.

“తెలీదు.”

“ఎవరో ఒకరు చెప్పాలి కదా.”

కాలింగ్ బెల్ మోగింది. మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

*

సత్యనారాయణమూర్తి కంపెనీలో ఆపరేషన్స్ మేనేజరు. కాకినాడ మనిషి. ఆరేళ్ళ కిందట మనోహరానికి ఈ ఉద్యోగం మాటసాయం చేసి ఇప్పించిందీ, అబిగైల్‌కి మంచి స్కూల్లో సీటు దొరికేలా తిరిగిందీ ఆయనే. చంకలో ఫోల్డరు, చేతిలో హల్వా డబ్బా.

“భోజనాలయ్యాయాండీ? అయ్యో, కంచాలు బోర్లించే ఉన్నాయే. తొందరపడి వచ్చేశానా?”

“కూర్చోండి మూర్తిగారూ.”

“సిస్టర్‌గారూ, టీ గీ ఏం పెట్టుకోకండి. ఇది పిల్లకి,” అని హల్వా డబ్బా టేబుల్ మీద పెట్టాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఫోల్డరులోంచి కాగితం తీశాడు. ఒకవైపు అరబిక్, ఒకవైపు ఇంగ్లీషు. తీరిగ్గా, తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. సేఫ్టీ ఆఫీసరుగా తాను ఎనిమిది నెలలుగా ఆ గదిని తనిఖీ చేస్తున్నాననీ, తలుపుకి బయట తాళం ఎన్నడూ లేదనీ, ప్రమాదం జరిగినప్పుడు లోపలి గడియ పెంచలమ్మ పెట్టుకుందని విచారణలో తెలిసిందనీ.

“తాళం ఉంది మూర్తిగారూ.”

“ఎక్కడుందండీ?” మూర్తి చాలా మెత్తగా అడిగాడు. “మంగళవారం సాయంత్రం నేను వెళ్ళి చూశాను. తాళం మాట దేవుడెరుగు, తలుపే లేదు. మిగతా ఎనిమిదిమందీ తాళం ఎప్పుడూ చూడలేదని రాసిచ్చేశారు.”

“ఎనిమిదిమందా?”

“ఎనిమిదిమందీనండి. వాళ్ళకీ పిల్లలున్నారు కదా. ఇంక ఉందనేది పెంచలమ్మ ఒక్కతి. ఆవిడ చెప్పేది ఎలా ఉందంటే... మూడుసార్లు అడిగించామండీ. మూడుసార్లూ ఒకటే మాట. అక్షరం మారలేదు. ‘పొగ లేసె. తలుపు లాగితిమి. రాలా. రెడ్డెమ్మ అన్నా అని అరిసె.’ పాఠం ఒప్పజెప్పినట్టు! ఎవరో నేర్పారని లాయరుగారు వెంటనే పట్టేశారు.”

మనోహరానికి తర్వాతి మాటలు వినిపించలేదు. రెడ్డెమ్మకి అన్నదమ్ములు లేరు. ఆ సంగతి ఆయనకి తెలుసు. చేరిన రోజు ఆ పిల్లే చెప్పింది.

“న్యూయార్క్ లాయరు కూడా అదే అన్నాడు అంకుల్.”

అబిగైల్ నడవలో నిలబడి ఉంది. చెప్పులేసుకుంది. భుజానికి బ్యాగు ఉంది.

“ఏ లాయరమ్మా?”

“1911లో. మంటల్లోంచి బతికి బయటపడ్డ ఒక అమ్మాయి కోర్టులో సాక్ష్యం చెప్పింది. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని అడిగాడు. ఆ అమ్మాయికి ఇంగ్లీషు సరిగ్గా రాదు. ప్రతిసారీ అవే మాటలు చెప్పింది. చూశారా, బట్టీ పట్టించారు అన్నాడు. తాళం ఉందని యజమానులకి తెలుసు అన్నది రుజువు కాలేదు. వదిలేశారు.” ఆమె బ్యాగు పట్టీ సర్దుకుంది. “అంకుల్, అంత భయంలో చూసింది మనిషికి ఇంకోలా చెప్పడం ఎలా వస్తుంది?”

మూర్తి నవ్వాడు. నిజంగానే ముచ్చటపడ్డ నవ్వు.

“ఏం చదువుతోందండీ అమ్మాయి! వచ్చే ఏడు ఎక్కడ చేరుస్తున్నారు?”

 అబిగైల్ వీధి తలుపు తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. మనోహరం లేవబోయాడు. మూర్తి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

“పిల్లలండీ. కాస్త తిరిగి వచ్చేస్తుందిలెండి. ముందు ఇది చూద్దాం.”

ఆ చేతికి బరువు లేదు. అయినా ఆయన లేవలేదు. ఆ రోజంతా ఆయన తన గురించి తెలుసుకున్న వాటిలో అదొకటి. ఎవరైనా మర్యాదగా కూర్చోమంటే కూర్చుండిపోతాడు.

“మూర్తిగారూ, తాళం వేయమని చెప్పింది నేను.”

“తెలుసండీ.”

మూర్తి ఫోను తీసి, వేలితో పైకి పైకి జరిపాడు. పాత వాయిస్ మెసేజ్ ఒకటి, చెవి దగ్గర పెట్టుకోకుండా టేబుల్ మీదే వినిపించాడు. మనోహరం గొంతు, హుషారుగా: ‘సార్, మన ఆడవాళ్ళ సేఫ్టీ గురించి ఒక చిన్న ఏర్పాటు చేశానండి. మీరు ఓకే అంటే చాలు.’ ఆ తర్వాత ఏం ఏర్పాటో, ఎన్ని గంటలకో, తాళంచెవి ఎవరి దగ్గరో, అంతా వివరంగా.

దెబోరా కళ్ళు మూసుకుని విన్నది.

“జనవరి పంతొమ్మిది,” అన్నాడు మూర్తి. “నేను ఓకే అనలేదండీ. వద్దనీ అనలేదు. కింద చూడండి, బొటనవేలు బొమ్మ పెట్టాను. అప్పుడు మా ఆవిడతో లులూ సూపర్‌మార్కెట్‌లో ఉన్నాను, ఏం విన్నానో కూడా గుర్తులేదు. ఇప్పుడు ఆ బొటనవేలు నా మెడ మీద ఉంది. మిమ్మల్ని బెదిరించడానికి రాలేదండీ నేను. ఇద్దరం ఒకే గోతిలో ఉన్నాం. సంతకం పెడితే ఇది ప్రమాదం. పెట్టకపోతే మనం చేసిన పని.”

“పెంచలమ్మ?”

“ఆవిడకేం కాదండీ. భయంలో గడియ పెట్టుకుందంటే ఎవరు జైల్లో పెడతారు? చికిత్స అయ్యాక పంపించేస్తాం. ఇంటికే కదా.”

“రెడ్డెమ్మవాళ్ళది పెంచలమ్మకి పక్క ఊరే,” అన్నాడు మనోహరం. “ఆ దారిలోనే బస్సు దిగాలి.”

మూర్తి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.  ఆయన కూడా నిద్రపోలేదని అప్పుడు కనిపించింది. కళ్ళ కింద చర్మం నలిగి ఉంది.

“నాకు తెలీదండీ,” అన్నాడు. “నేను అంత దూరం ఆలోచించట్లేదు. ఆలోచిస్తే ఇక్కడిదాకా కారు నడపలేను.”

మనోహరం భార్య వైపు తిరిగాడు. ఆమె ఇప్పుడు లేచి అరుస్తుందనుకున్నాడు. ఆ కాగితం చింపి హల్వా డబ్బాతో సహా ఈ మనిషిని గుమ్మం దాటిస్తుందనుకున్నాడు. గంట నుంచీ దానికోసమే కాచుకుని ఉన్నానని కూడా ఆయనకి అర్థమైంది. తాను తీసుకోలేని నిర్ణయాన్ని ఆమె కోపం తీసుకుంటే బాగుండును.

“పెట్టండి,” అంది దెబోరా.

“ఏంటి?”

“సంతకం.”

“ఇందాక నువ్వే కదా...”

“ఇందాక నాకు తెలీదు.”

“దెబోరా, దాని చేతులు చూశానన్నావు.”

“చూశాను. రేపూ చూస్తాను. నెలలు పట్టినా ఆ చేతులు నేను బాగుచేస్తాను, అది నా చేతనవుతుంది. మీరు లోపలికి వెళ్తే మిమ్మల్ని నేనేం చెయ్యగలను? అబీని ఏం చెప్పి పెంచను?” ఆమె మాటలు తడబడలేదు. వార్డులో ఒకేసారి ఇద్దర్ని తెచ్చి పడుకోబెడితే ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేల్చుకునే మొహం అది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ మొహాన్ని ఇంట్లో ఎప్పుడూ చూడలేదు ఆయన. “దేవుడు నన్ను అడిగితే నేను చెప్పుకుంటాను. మీరు పెట్టండి.”

మూర్తి తల దించుకున్నాడు. గెలిచినవాడిలా లేడు. చూడకూడనిది చూసినవాడిలా ఉన్నాడు.

ఆ తర్వాత చాలాసేపు చిన్న చిన్న పనులు జరిగాయి. మూర్తి లాయరుకి ఫోన్ చేసి తేదీ ఎలా వేయాలో అడిగాడు. దెబోరా అందరికీ మంచినీళ్ళు తెచ్చింది. మనోహరం రెసిడెంట్ కార్డు నంబరు చూసి రాయాల్సి వచ్చింది, పర్సు ఎక్కడుందో దొరకలేదు, ఒంటిమీదున్న చర్చి ప్యాంటు జేబులోనే ఉంది. కూతురికి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఇంత ఘోరమైన పనికి ఇన్ని మామూలు పనులు కావాలని ఆయనకి తెలియదు. నిజానికి అవే మనిషిని నడిపిస్తాయి. ఒక నంబరు రాశాక పక్క గడి నింపకుండా ఉండటం కష్టం.

నాలుగు దాటింది. మామూలు రోజైతే అమెరాత్‌లో మిషన్లు మొదలయ్యే వేళ.

పెన్ను కాగితం మీద ఆనించాడు. పేరులో మొదటి అక్షరం సగం గీశాడు.

ఫోన్ మోగింది. అబిగైల్.

“ఎక్కడున్నావ్ అబీ?”

“మమ్మీ వార్డులో.” వెనకాల ట్రాలీ చక్రాల చప్పుడు. “టాక్సీలో వచ్చాను. చెప్పేశాను డాడీ.”

“ఏం చెప్పావ్?”

“నువ్వు వేయించావని. అంతా చెప్పాను. తను ఏమీ అనట్లేదు. నీతో మాట్లాడతానంటోంది.” ముక్కు ఎగబీల్చుకుంది. “చేతులకి కట్లు కదా. ఫోను నేనే పట్టుకుంటాను. మాట్లాడు.”

కాసేపు ఊపిరి ఒక్కటే వినిపించింది. పొగ తిన్న గొంతులోంచి గీసుకుంటూ వచ్చే ఊపిరి.

“అన్నా. ఉండావా?”

“ఉన్నానమ్మా.”

“పాప ఒకటే ఏడుస్తాంది అన్నా. ఊరుకోమని జెప్పు. తాళం సంగతి నాకు తెల్దా ఏంది? మా ఇంటాయనే గదా నిన్ను అడిగింది. ఆ పొద్దే నాకు ఫోను జేసి జెప్పినాడు. అన్న తాళం ఏపిస్తాడంట, ఇంగ నాకు నిద్ర పడతాది అని.” దగ్గు వచ్చింది. అబిగైల్ ఏదో అంటోంది, నీళ్ళు తాగిస్తోంది కాబోలు. “నీ పేరు నేను ఎవురికీ జెప్పలా. వదినకు గూడా జెప్పలా.”

మనోహరం ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. 

“కంపెనీవోళ్ళు రేప్పొద్దన మళ్ళా వస్తారంట. గడియ నువ్వే పెట్టినావని జెప్పు, ఇంటికి పంపిస్తాం అంటాండారు. ఆ మాట జెప్తే రెడ్డెమ్మ వాళ్ళమ్మ మొగం నేను యెట్ల జూడాల? జెప్పకపోతే నీ బిడ్డ గతేంది? నాకు సదువు రాదన్నా. ఏది జెప్తే ఎవురు బతుకుతారో నాకు తెల్దు. నువ్వు పెద్దోనివి. నన్ను ఏం జెప్పమంటావో నువ్వే జెప్పు. అదే జెప్తా.”

ఫోను స్పీకర్‌లో లేదు. అయినా గదిలో ముగ్గురికీ వినపడింది. మూర్తి కాగితం మీద నుంచి చెయ్యి తీయలేదు. దెబోరా తల అడ్డంగా ఊపుతోంది, ఏమీ మాట్లాడొద్దని, ఫోను పెట్టెయ్యమని. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తల మాత్రం ఊపుతూనే ఉంది.

“పెంచలమ్మా,” అన్నాడు మనోహరం.

“జెప్పన్నా. ఇంటాండా.”